ఎరుక పోయిన మిషన్

పొద్దుగాల ఆరు కాకముందే
కల్వకుర్తి బస్టాండు మైకు గొంతు సవరించుకుంటది.
అచ్చంపేట, తలకొండపల్లి, దేవరకొండ...
నేను ఏ ఊరికీ పోను.
పసుపు వైరు, నల్ల వైరు ముందటేసుకొని
ఆరో నంబరు బుట్టకు అడుగు మొదలుపెడ్త.

ముప్పై రెండేండ్లు సూదులిచ్చిన వేళ్ళు
ఇప్పుడు ముళ్ళెయ్యనీకె ఉబలాటపడ్తయి.
ఒక్క ముడి తప్పితే
పది వరుసలు దాటినంక గాని ఎరుకగాదు.
విప్పుతుంటే విసుగు రాదు నాకు, ఎందుకో.

ఎనిమిదింటికి కంప్యూటరు మీది పూలగుడ్డ తీస్త.
పింఛను పైసలతోని కొన్న సెకండ్‌హ్యాండ్‌ది.
చిన్నంబయ్య గురువు తత్వాలు నూటా పద్దెనిమిది
చెదలు ముట్టిన నోటుబుక్కుల నుంచి
ఒక్కొక్కటే దాంట్లకు ఎక్కిస్తున్న.
"క్ష" కొడితే రెండు ముక్కలైతది,
అక్షరం ఒక దిక్కు, ఒత్తు ఒక దిక్కు,
పెద్దమనుషుల్ల పంచాయితి అయినట్టు.
నిన్న రాత్రి అరవై ఒకటోది కొట్టి, కండ్లు గుంజితే పన్న.

ఇయ్యాల బటన్ నొక్కితే
కీక్. కీక్. కీక్.
తెర మీద ఏమీ లేదు.
ఎనుక చెయ్యి పెట్టి చూసిన:
ఫ్యాను తిరుగుతుంది, ఒళ్ళు వెచ్చగుంది,
నాడి ఉంది, చూపు లేదు.
ఇసొంటి కేసుల్ని మేం చీటీ రాసి
జిల్లా దవాఖానకు తోలేటోళ్ళం.

ఆటోల ఒళ్ళో పెట్టుకొని, దుమ్ము పడకుండ కొంగు కప్పిన.
పల్లికాయ బస్తాల నడుమ జరుగుతూ ఒకామె అడిగింది:
"దేవుని పెట్టెనా అక్కా?"
అవుననాల్నో కాదనాల్నో
మహబూబ్‌నగర్ చౌరస్తా వచ్చేదాకా తెలువలె.

ఖలీల్ దుకాణానికి మూడే మెట్లు, నా మోకాళ్ళకు ముప్పై.
పిలగాడు మూత విప్పి ఊదిండు.
"రామ్ కదిలింది మేడమ్."
"రాముడా?"
"రామ్. యాదుంచుకునేది."
బడిపిల్లల రబ్బరు తీసి
ఆ పచ్చ బద్ద బంగారు పండ్లను తోమిండు,
ఎంత మెల్లగ అంటే
నవ్వు మరిచి చేతులు జోడించబుద్ధయింది.
జుమ్మా నమాజుకు పొద్దైతుందని
ఒక కన్ను మాత్రం గడియారం మీదనే ఉంది పిలగానికి.

వెలుగొచ్చింది.
తేదీ చూస్తే జనవరి ఒకటి, రెండు వేల రెండు.
"లోపలి సెల్లు సచ్చింది మేడమ్,
కరెంటు తీసినప్పుడల్ల మల్ల ఆ దినానికే పోతది."
ఆ దినం నేను వెల్దండ సబ్‌సెంటర్ల
టీకాల డబ్బకు ఐసుగడ్డ దొరుకక
సోడా బండి ఎంబడి ఉరుకుతుంటి.
మోకాళ్ళు కొత్తయి. అమ్మ ఉండె.
సెల్లు ఎనభై రూపాయలట.
తర్వాత చూద్దాంలే అన్న.

తత్వాలు అరవై ఉన్నయి. అరవై ఒకటోది లేదు.
సేవు చెయ్యలె నేను.

ఎరుక పోతెనే బయలు, అనేటోడు గురువు.
పొద్దుగాల ఆ నల్లతెర ముందట
కదలకుండ కూసొని చూసిన గద.
బయలు కనవడలె,
నా ముఖం కనవడ్డది, కండ్లద్దాలు వంకరగ.

రాత్రి సుదర్శనమ్మ ఇంట్ల కూడిక.
ఏక్‌తార కుంటి తంత్రి, రెండు జతల చిడుతలు, ఏడుగురం.
అరవై ఒకటోది నన్నే అందుకొమ్మన్నరు.
బుక్కు తెరువకుండనే పాడిన.
మూడో చరణంల "కుండల బయలు" అన్న.
బాలకిష్టయ్య చెయ్యెత్తి ఆపిండు: "కుండ గాదు, కొండ."
బుక్కు తీస్తే
సరిగ్గ ఆ అక్షరాన్నే చెదలు తిన్నయి.
చాయ్ సల్లారేదాక కొట్లాడినం,
కుండ పగిలితే ఏమైతది, కొండ పగిలితే ఏమైతది అని.
సుదర్శనమ్మ మాత్రం చిడుతలు ఆపలె.

ఇంటికొచ్చి మల్ల మొదటి నుంచి కొట్టిన.
ఆ అక్షరం కాడ ఖాళీ ఇడిసిపెట్టి,
ముందుగాల సేవు చేసిన.
మిషను రాసుకుంది: జనవరి ఒకటి.

బుట్టకు పిడి రేపు.